కరెంటు పెట్టక మునుపే పండ్ల పరీక్ష

నోటి క్యాన్సరునకు కరెంటు, అనగా కిరణచికిత్స, పెట్టించుకొన్న మనిషికి, ఆ చికిత్స ముగిసిన అయిదేండ్లకో పదేండ్లకో ఒక పన్ను సలుపసాగినచో, ఊరిలోని దంతవైద్యునియొద్ద దానిని పీకించుకొనుట ఎంత సహజముగా తోచునో అంత ప్రమాదకరము. ఏలయన, రోగము నయమైనను కిరణములు సోకిన దవడయెముక మునుపటి శక్తిని మరల పొందజాలదు. బెంగళూరులో మడివాళకు చేరువనున్న సెయింట్ జాన్స్ ఆసుపత్రిలోనో, 1973లో నెలకొన్న కిద్వాయి క్యాన్సరు సంస్థలోనో చికిత్స పొంది, మడివాళలో బస్సెక్కి తిరుపతికో నెల్లూరికో మరలిపోవు తెలుగువారిని తలచినప్పుడెల్ల నన్ను బాధించు చింత యిదియే.

ఈ చికిత్సను సాధారణముగా వారమునకు అయిదు దినముల చొప్పున ఆరేడు వారములు, మొత్తము 60 మొదలు 70 గ్రేల (గ్రే యనగా కిరణముల మోతాదునకు కొలత) వరకు ఇత్తురు. ఆ కిరణములు క్యాన్సరు కణములతో పాటు ఎముకలోని సన్నని రక్తనాళములను, క్రొత్త యెముకను కట్టు కణములను కూడ క్షీణింపజేయును; అందు క్రింది దవడ గట్టిది, రక్తమునకై ప్రధానముగా ఒకే ధమనిపై ఆధారపడినది యగుటచే, దానికే హాని యధికము. మామూలు మనిషికి పన్ను ఊడిన గుంటలో నెత్తురు గడ్డకట్టి, కొన్ని వారములలో చిగురు కప్పుకొనును. ఇచ్చటనో, చిగురు మూయక, నాలుక కొనకు గరుకుగా తగులుచు ఎముక బయటపడి, మూడు నెలలైనను మానక, చీము పట్టి, తుదకు దవడయే విరుగవచ్చును. అధిక పీడనమున ప్రాణవాయువు నిచ్చు పద్ధతిపై చిరకాలము ఆశలుండెను గాని, 2019లో ప్రకటితమైన హోపాన్ పరీక్షలో అది ఈ కీడును నివారించినట్లు తేలలేదు.

కావున నిలువజాలని పండ్లను కిరణచికిత్సకు కనీసము రెండు వారములు, వీలైన మూడు వారములు ముందుగా తీయించవలెను. అట్లని క్యాన్సరు చికిత్సను జాగు చేయరాదు. కిరణచికిత్స పిదప లాలాజలము తగ్గి నోరెండుటచే పండ్లు మొదళ్లయొద్ద త్వరగా పుచ్చును గనుక, వైద్యుడు చెప్పిన ఫ్లోరైడును నిత్యము వాడవలెను. అప్పటికిని ఒక పన్ను చెడినచో, పీకుటకు బదులు రూట్ కెనాల్ చేసి, పైభాగమును కోసి, వేరును ఎముకలోనే విడుచుట తరచుగా మేలు. తప్పక తీయవలసినచో, ఏ వైపున ఎన్ని గ్రేలు పడినవో తెలుపు కాగితమును రోగి చూపవలెను. దంతవైద్యుడు దానిని చదివి, కిరణచికిత్స చేసిన వైద్యునితో మాటాడిన పిమ్మటనే పట్టకారు చేత పట్టవలెను.