సైనికుల భార్యల ఉన్నతవిద్యకు ఆర్థికసహాయం: తిరుపతి, చిత్తూరు జిల్లాల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:
బదిలీలతో కూడిన సైనికజీవితం సైనికుని భార్య చదువుపై, వృత్తిపై ప్రత్యక్ష ప్రభావం చూపుతుంది. ఆమె చదువుకు ప్రభుత్వ ఆర్థికసహాయం ఏ దశలో, ఏ అర్హతతో అందుతున్నదో వివరించి, ఎక్కడికి వెళ్లినా కొనసాగించగల వృత్తులకు తగిన విద్యను ప్రోత్సహించవలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: సైనిక కుటుంబం, స్త్రీవిద్య, ఉపకారవేతనం, బదిలీ, దూరవిద్య.

1. ఉపోద్ఘాతం:
దక్షిణ రాయలసీమలో తిరుపతి విద్యాకేంద్రం. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లోను, శ్రీపద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లోను ఇక్కడ ఏర్పడ్డాయి. పలమనేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి వంటి ప్రాంతాల యువతులకు ఉన్నతవిద్య ఈ విధంగా చేరువైంది. అయితే సైనికుణ్ణి పెళ్లాడిన యువతికి ఈ చేరువ తాత్కాలికం. రెండు మూడేళ్లకొకసారి భర్తకు బదిలీ అవుతుంది. రెగ్యులర్ కోర్సుకు హాజరు తప్పనిసరి. కనుక పుట్టింటనో అత్తింటనో ఉండి చదువు పూర్తిచేయడమా, చదువు మానుకొని భర్త వెంట వెళ్లడమా అన్న ప్రశ్న ఆమె ముందు నిలుస్తుంది.

2. ప్రస్తుత పథకాలు - అర్హతలు:
2.1 ప్రధానమంత్రి ఉపకారవేతన పథకం: 2006లో మొదలైన ఈ పథకాన్ని కేంద్రీయ సైనిక బోర్డు నిర్వహిస్తున్నది. ఏటా 5,500 మందికి ఉపకారవేతనం లభిస్తుంది. 2019-20 నుంచి ఈ మొత్తం నెలకు బాలికలకు రూ.3,000, బాలురకు రూ.2,500. ఇంజనీరింగు, వైద్యం, బి.ఇడి. వంటి వృత్తివిద్యా కోర్సులకు ఇది వర్తిస్తుంది. మాజీసైనికుల పిల్లలు, మాజీసైనికుల వితంతువులు అర్హులు.

2.2 రక్షామంత్రి మాజీసైనికుల సంక్షేమనిధి: సాయుధదళాల పతాకనిధిలో భాగమైన ఈ నిధి నుంచి హవల్దారు, తత్సమాన హోదా వరకు గల మాజీసైనికుల కుటుంబాలకు విద్యాసహాయం అందుతుంది. 2025 నవంబరు 1 నుంచి దీనిని నెలకు రూ.1,000 నుంచి రూ.2,000కు పెంచారు. ఇద్దరు పిల్లలకు ఒకటవ తరగతి నుంచి డిగ్రీ వరకు, వితంతువులకు రెండేళ్ల స్నాతకోత్తర విద్యకు ఈ సహాయం వర్తిస్తుంది. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్లాలి.

2.3 ప్రవేశాలలో ప్రత్యేక కోటా: రాష్ట్రంలో ఇంజనీరింగు ప్రవేశాలలో సాయుధదళాల సిబ్బంది పిల్లలకు 2 శాతం సీట్లు ఉన్నాయి. కోటా పేరులోనే లబ్ధిదారులు పిల్లలని స్పష్టమవుతున్నది.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. సైనికుని సంతానం విద్యార్థిగా గుర్తింపు పొందుతున్నది; భార్య మాత్రం భర్తను కోల్పోయిన తరువాతనే ఆ గుర్తింపు పొందుతున్నది. భర్త సర్వీసులో ఉన్నంతకాలం ఈ పథకాలలో ఆమెకు చోటు లేదు. మాజీసైనికుల సంక్షేమానికి ఏర్పడిన నిధులు కావడం మొదటి రెండింటి విషయంలో ఇందుకు కారణం. వితంతువులకు సహాయం అందవలసిందే. కాని నష్టం జరిగిన నాటికే ఆమె చేతిలో ఒక వృత్తి ఉంటే ఆ కుటుంబం నిలదొక్కుకోవడం సులభమవుతుంది.

3. వృత్తి - స్థలబంధం:
అన్ని వృత్తులూ బదిలీని ఒకే విధంగా తట్టుకోలేవు. నర్సు మరొక రాష్ట్రంలో పనిచేయాలంటే ఆ రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో నమోదు కావాలి. ఉపాధ్యాయవృత్తిలో కొంత వెసులుబాటు ఉంది. కేంద్ర ఉపాధ్యాయ అర్హత పరీక్ష (సీటెట్) ధ్రువపత్రం 2021 నుంచి జీవితకాలం చెల్లుతున్నది. కేంద్రీయ విద్యాలయాలు దేశమంతటా ఉన్నాయి. కాని బి.ఇడి. రెండేళ్ల కోర్సు. సాధారణ డిగ్రీతో నేరుగా దూరవిద్యలో ఆ కోర్సులో చేరడం కుదరదు. అంటే ఎక్కడైనా ఉపయోగపడే అర్హతను సంపాదించడానికి ఒకేచోట రెండేళ్లు ఉండవలసి వస్తున్నది.

1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ప్రాంతీయ కేంద్రాన్ని మార్చుకోవచ్చు. 2021లో యూజీసీ నెలకొల్పిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఒక సంస్థలో సంపాదించిన క్రెడిట్లను మరొక సంస్థకు బదలాయించే మార్గం చూపింది. చదువు కదలడానికి దారి ఏర్పడింది. దానికి తగిన ఆర్థికసహాయం తోడుకావలసి ఉంది.

4. అమెరికా నమూనా:
అమెరికా రక్షణశాఖ నడిపే 'మైకా' పథకం కింద, సర్వీసులో ఉన్న దిగువ హోదాల సైనికుల జీవిత భాగస్వాములకు మొత్తం 4,000 డాలర్ల వరకు విద్యాసహాయం లభిస్తుంది. సైనికుడు క్రియాశీల సర్వీసులో ఉండడమే ఇక్కడ అర్హత. బదిలీ అయిన రాష్ట్రంలో వృత్తి లైసెన్సు తిరిగి పొందే ఖర్చుకు 1,000 డాలర్ల వరకు తిరిగి చెల్లించే ఏర్పాటు వేరుగా ఉంది. అయితే మైకాకు పరిమితి ఉంది. లైసెన్సు, సర్టిఫికెట్, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలకే అది వర్తిస్తుంది. నాలుగేళ్ల డిగ్రీకి వర్తించదు. కనుక దీనిని యథాతథంగా అనుకరించనవసరం లేదు. అర్హతను నిర్ణయించిన తీరు మాత్రం పరిశీలించదగినది.

5. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి.
1. సర్వీసులో ఉన్న సైనికుల భార్యలకు విద్యాసహాయం అందాలంటే మాజీసైనికుల నిధులకు వెలుపల ప్రత్యేక కేటాయింపు అవసరం.
2. ఆ సహాయం కోర్సు రుసుముతో పాటు, బదిలీ కారణంగా ఏర్పడే నమోదు, పునర్నమోదు ఖర్చులను కూడా భరించాలి.
3. తిరుపతిలోని విశ్వవిద్యాలయాలు క్రెడిట్ల బదలాయింపును ఈ వర్గానికి అందుబాటులోకి తెస్తే, ఇక్కడ మొదలైన చదువు మరొకచోట పూర్తికాగలదు.
సైనికుని సేవకు సమాజం చెల్లించే గౌరవంలో అతని భార్య చదువు కూడా భాగం కావాలి. అందుకు ఆమె వితంతువయ్యేవరకు వేచి ఉండే విధానం మారవలసి ఉంది.