ముందు బల్ల, తర్వాతే మర

ఇంట్లో వడ్రంగం చేయాలన్న కోరిక పుట్టగానే చాలామంది నేరుగా మిషన్ల దుకాణానికి వెళ్తారు. డ్రిల్లు, కట్టర్, రౌటర్, శాండర్ అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. తీరా పని మొదలుపెట్టే రోజున చెక్కను ఎక్కడ ఆనించి కొయ్యాలో తెలియదు. ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి మోకాలితో అదిమి కోస్తే కోత వంకర పోతుంది, ఒక్కోసారి వేలు తెగుతుంది. చేతిలో డబ్బు ఎంతున్నా సరే, ఇంటి వడ్రంగిసాల బల్లతోనే మొదలవ్వాలి.

మన వడ్రంగులు తరతరాలుగా నేల మీద కూర్చుని, చెక్కను పాదాలతో బిగబట్టి ఉలి ఆడించారు. గొప్ప పనితనమది. కానీ ఆ ఒడుపు చిన్ననాడే ఒంటికి పట్టాలి. నలభై దాటాక ఆదివారాల్లో నేర్చుకునేవారికి నిలబడి పనిచేసే బల్లే క్షేమం. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలేస్తే మణికట్టు ఏ ఎత్తులో ఉంటుందో, బల్ల ఎత్తు అంత ఉండాలి. చాలామందికి అది 32 నుంచి 34 అంగుళాలు. 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు సరిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం బరువు. చిత్రిక పట్టేటప్పుడు బల్ల కదిలితే మన బలమంతా దాన్ని జరపడానికే పోతుంది.

ఆ బల్లకు కలప కోసం పాత ఇళ్లు పడగొట్టిన సామాను అమ్మే చోటికి వెళ్లండి. దశాబ్దాలు ఇంట్లో ఆరిన దూలం కొత్త కలపలా మెలి తిరగదు. కొయ్యబోయే ముందు మాత్రం దాని మీద అయస్కాంతం నడిపించండి. లోపల విరిగిన మేకు ఒక్కటి దాగి ఉన్నా రంపం పళ్లు పోతాయి. అడితిలో లెక్క ఘనపుటడుగుల్లో ఉంటుంది. మందం, వెడల్పు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగించాలి. 2 అంగుళాల మందం, 6 అంగుళాల వెడల్పు, 12 అడుగుల పొడవున్న చెక్క సరిగ్గా ఒక ఘనపుటడుగు. ఈ లెక్క వచ్చినవాడితో బేరం వేరేగా ఉంటుంది. తొలి కోతలకు టేకు జోలికి పోవద్దు. విదేశీ సరుకు దిగే ప్యాలెట్ల పైన్ చెక్క చాలు. దాని మీద ‘హెచ్‌టీ’ ముద్ర ఉంటే పురుగు చావడానికి వేడి పట్టించారని అర్థం. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, దాన్ని వదిలేయండి.

ఇక పనిముట్లు. ఒక రంపం, మూడు ఉలులు, ఒక చిత్రిక, మూలమట్టం, స్టీలు స్కేలు, నాలుగు క్లాంపులు. స్టూలు, పుస్తకాల అర, పీట, చిన్న పెట్టె చేయడానికి ఇంతకన్నా అక్కర్లేదు. మూలమట్టాన్ని కొట్లోనే పరీక్షించుకోవచ్చు. తిన్నని అంచున్న ప్లైవుడ్ ముక్కకు ఆనించి ఒక గీత గీయండి. దాన్ని తిరగేసి అదే చోట మరో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే అది 90 డిగ్రీలే. విడిపోతే కొనకండి.

కొత్త ఉలి కొట్టు నుంచి పదునుగా రాదు. చాలామంది మొదటి నెలలోనే వడ్రంగం వదిలేయడానికి అసలు కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. మొద్దు ఉలి చెక్కను కోయదు, నలిపి చించుతుంది. చించిన అతుకు కుదరదు. కుదరకపోతే మన చేతుల్లోనే లోపం ఉందనుకుంటాం. ముందు ఉలి వీపును రాయి మీద పూర్తిగా చదును చేయాలి. తర్వాత వాలు తలాన్ని 25 డిగ్రీల్లో అరగదీసి, కొసను మాత్రం 30 డిగ్రీల్లో తీర్చాలి. వీపు వైపు వేలితో తడిమితే అంచు పొడవునా సన్నటి గరుకు తగులుతుంది. అది వచ్చిందంటే రాయి కొస దాకా అందినట్టే. ఆ గరుకును రెండు మూడు సార్లు రుద్ది తీసేయండి. ఇప్పుడు పైన్ ముక్క అడ్డకోత మీద ఉలి తోయండి. పొడి రాలకుండా సన్నటి పొర లేచి, కింద చెక్క నునుపుగా మెరిస్తే పదును కుదిరింది. సానరాయి ఖరీదు అనిపిస్తే మందపాటి గాజుపలక మీద ఉప్పు కాగితం అతికించి వాడుకోవచ్చు.

మిషన్లలో మొదటిది డ్రిల్లు. ఆ తర్వాత చేత్తో పట్టుకునే గుండ్రటి రంపం. మన పనిచోట్ల మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు బిగించి, బల్ల కింద తలకిందులుగా అమర్చి కోయడం మామూలైపోయింది. దయచేసి ఇంట్లో ఆ పని చేయకండి. దాని వేగం నిమిషానికి పదివేల చుట్లు దాటుతుంది. బ్లేడుకు కవచం ఉండదు. కోసిన సందు మళ్లీ మూసుకుని బ్లేడును పట్టేయకుండా వెనక నిలబడే ఇనుప రెక్కా ఉండదు. సందు మూసుకున్న క్షణంలో చెక్క మన మీదికే ఎగిరి వస్తుంది. తిరిగే బ్లేడు దగ్గర చేతికి తొడుగులు వేసుకోవడం కూడా ప్రమాదమే. గుడ్డ చిక్కితే చెయ్యి లోపలికి పోతుంది. పెద్ద మిషన్లకు 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. పాత ఎక్స్‌టెన్షన్ వైరు పనికిరాదు.

చెక్కపొడిని తేలిగ్గా తీసుకునేవారే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కంటికి కనిపించే పొట్టు కన్నా, గాలిలో తేలే మెత్తటి పొడే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. పడకగది పక్కన సాల పెట్టొద్దు. పార్కింగ్, డాబా మీద రేకుల షెడ్డు, వెనక వరండా ఏదైనా పర్లేదు కానీ గాలి ఆడాలి. ఉప్పు కాగితం పట్టినంతసేపు ఎన్95 మాస్కు ముఖం మీదే ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇనుముకు తుప్పు త్వరగా పడుతుంది. పని ముగిశాక ఉలులకు, చిత్రిక అడుగుకు కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి.

పాలిష్‌కు అవిసె నూనె వాడితే ఆ గుడ్డల సంగతి చూసుకోవాలి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది. వాటిని ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టండి, లేదంటే నీళ్లున్న ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి.