మూడవనాటి రాత్రి

ఫాల్గుణమాసము ప్రవేశించునప్పటికి గుంటూరు, ప్రకాశము జిల్లాలలోని నల్లరేగడి భూములపై ఎరుపు పరచుకొనును. కల్లములలో ఆరబోసిన మిరపకాయల ఘాటు ఊరూర గాలిలో నిలిచి, గుంటూరు యార్డు ప్రక్కనుండి పోవు బాటసారిచేత కూడ తుమ్మించును. పత్తిచేలలో కడపటి తీత ముగియుచుండును. ఒక్కొక్క ఆటోలో పదిమందికి తక్కువ కాకుండ క్రిక్కిరిసి, కూలి స్త్రీలు చీకటితోనే కోతలకు బయలుదేరుదురు. పంట ఇంటికి వచ్చు ఈ దినములే ఆసుపత్రులలోని అత్యవసర విభాగములకు మిక్కిలి భారమైన దినములు. 2020 మే నెలలో, నాగులుప్పలపాడు మండలమందలి రాపర్ల చెంత మిరప కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభమును ఢీకొనగా, ఒక్క సాయంకాలమున ఎన్నో కుటుంబములు దిక్కులేనివైనవి. అట్టి దుర్ఘటనలు పత్రికలకెక్కును. ధర పడిపోయినదనియో, తామర పురుగు తోటను తినివేసినదనియో, కౌలు చెల్లింపలేకపోతిననియో పురుగుమందు డబ్బా నోటికెత్తినవాని కథ, అతడు బ్రతికి బయటపడెనేని, ఏ పత్రికకును ఎక్కదు. 1987-88 సంవత్సరములలో తెల్లదోమ పత్తిని నాశనము చేసినప్పుడు ఈ రెండు జిల్లాల రైతుల ఆత్మహత్యలు దేశమునంతటిని కలచివైచినవి. నాటినుండి నేటివరకు ఇచ్చటి క్యాజువాలిటీ వైద్యునకు విషచికిత్స నిత్యకృత్యమైనది.

ఆ వైద్యుని గూర్చియు, అతని ప్రక్కన నిలిచియుండు స్టాఫ్ నర్సును గూర్చియు, రోగిని పొలము గట్టునుండి మోసికొనివచ్చు 108 వాహనపు టెక్నీషియనును, ‘పైలట్’ అని పిలువబడు డ్రైవరును గూర్చియు నేను వ్రాయబూనితిని. వీరు దెబ్బలు తినుచున్నారు. తమ ఉద్యోగకాలములో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసకు గురియగు ఆరోగ్య సిబ్బంది నూటికి 8 మంది మొదలుకొని 38 మంది వరకు ఉందురని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తిట్లును బెదిరింపులును ఈ లెక్కలో చేరలేదు.

ఎందుకు కొట్టుదురని అడిగినచో, త్రాగుబోతులనియు రౌడీలనియు సరిపెట్టుకొనువారు కలరు. అది కొంతవరకు నిజమే. కాని నేనెరిగినంతలో, క్యాజువాలిటీలో చేయి ఎత్తినవారిలో పెక్కుమంది అంతకుముందు ఊరిలో ఎవరితోను గట్టిగా మాటాడి యెరుగనివారు. వారిని ఆ స్థితికి తెచ్చునదేమో తెలియవలెనన్న, పురుగుమందు త్రాగిన మనిషి దేహములో జరుగునదేమో, అతని బంధువుల కంటికి కనబడునదేమో, రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను.

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందు కడుపులోనికి పోయినదనుకొందము. నరము కండకు పంపు ఉత్తరువు, పని ముగిసిన తోడనే చెరిగిపోవలెను. ఆ చెరుపు పదార్థమును ఈ విషము కట్టివేయుటచేత ఉత్తరువు ఆగక మ్రోగుచునే యుండును. నోట నురగ వచ్చును, ఒడలెల్ల చెమట పట్టును, కంటిపాప ఆవగింజంత యగును, ఊపిరితిత్తులు నీటితో నిండును. బంధువులకు తెలిసిన చికిత్స ఒక్కటే: కడుపు కడుగుట. తాతల నాటినుండి విన్నది అదియే. మందు త్రాగి చాలసేపు గడచినయెడల కడుగుటవలన ప్రయోజనము స్వల్పమని వైద్యుడెరుగును గనుక, అతడు ముందు శ్వాస సంగతి చూచును. “గంట నుంచి వచ్చి పడున్నాం, కడుపన్నా కడగరేంటండీ?” అను మొదటి కేక అప్పుడు లేచును.

పిమ్మట అట్రోపిన్ ఎక్కింతురు. ఊపిరితిత్తులు ఆరువరకు, నాడి వడి అందుకొనువరకు, కొద్ది నిమిషములకొకసారి మోతాదు రెట్టింపు చేయుచు పోవలసిన మందు అది. ప్రాణము నిలుపునదియు అదియే. మోతాదు మించినప్పుడు మనిషిని మతి తప్పించునదియు అదియే. నోరు ఎండి, ముఖము జేవురించి, కంటిపాపలు విచ్చుకొని, రోగి దుప్పటి పీకుచు, లేని మనుష్యులతో మాటలాడుచు, సెలైను గొట్టమును లాగివేయబోవును. చేతులు మంచపు పట్టెకు మెత్తని గుడ్డతో కట్టుట తప్పదు. అద్దములోనుండి తొంగిచూచు అన్నదమ్ముల కంటికి కనబడునది వేరు: తెచ్చినప్పుడు మాటలాడిన తమ్ముని పిచ్చివానిని చేసి, త్రాళ్ళతో కట్టి హింసించుచున్నారు.

అదియు గడచును. రోగి తెప్పరిల్లి, తల్లిని గుర్తుపట్టి, కాస్త మజ్జిగ అడుగును. గండము గడిచినదని ఊరికి ఫోనులు పోవును. దగ్గరివారు ఇద్దరు ముగ్గురు పొలము పనికి మరలి పోదురు. అప్పుడు, మూడవనాటి రాత్రి, అతడు తలగడనుండి తల ఎత్తలేకపోవును. మెడ కండరములు మొదట పట్టు తప్పును, పిదప భుజములు, తొడలు, కట్టకడపట ఊపిరి తీయు కండరములు. విషము పుచ్చుకొనిన 24 గంటలకును 96 గంటలకును నడుమ వచ్చు ఈ అవస్థను సేనానాయక, కరల్లియద్ద అను శ్రీలంక వైద్యులు 1987లో, సరిగా మన చేలమీద తెల్లదోమ పడిన యేట, లోకమునకు వివరించి దానికి మధ్యంతర స్థితి యని అర్థము వచ్చు పేరు పెట్టిరి. వెంటనే గొట్టము వేసి వెంటిలేటరుపై ఉంచినచో పలువురు బ్రతుకుదురు; వెంటిలేటరు ఖాళీ లేనిచోట, గుర్తించుటలో గంట ఆలస్యమైనచోట, మజ్జిగ అడిగిన మనిషి తెల్లవారునప్పటికి శవమగును. ఏ ఇంజెక్షను తప్పు పొడిచిరో యని బంధువులు అనుకొనుటలో ఆశ్చర్యమేమి?

గడ్డిమందు కథ ఇంకను దారుణము. పేరాక్వాట్ అను ఆ కలుపుమందుకు విరుగుడు లేదు. త్రాగినవాడు మొదటి రెండు దినములు లేచి కూర్చుండి మాటలాడును. లోలోపల మూత్రపిండములు, ఊపిరితిత్తులు కాలిపోవుచుండును. ప్రాణవాయువు అధికముగా ఇచ్చుకొలది ఊపిరితిత్తులు మరింత చెడును గనుక, వైద్యులు తప్పనిసరియైనంతవరకు ఆక్సిజను పెట్టక ఆపుదురు. మనిషి ఆయాసపడుచుండగా గోడకు నున్న ఆక్సిజను గొట్టమును వాడకుండ నిలుచున్న వైద్యుని చూచి, కన్నతండ్రి ఏమనుకొనును? ఈ సంగతి ఎవరైన అతని ప్రక్కన కూర్చుండి, చేయి పట్టుకొని, అతని మాటలలో చెప్పియున్నచో అతడు ఏడ్చును, చెప్పకున్నచో మండిపడును. చెప్పుటకు మనిషి లేడు. రాత్రివేళ ఒక డ్యూటీ డాక్టరు, చదువు ముగియని హౌస్ సర్జను లిద్దరు, నర్సు లిద్దరు, వరుసగా వచ్చు స్ట్రెచర్లు. ఇందులో ఎవరు కూర్చుండగలరు?

ఆపదనుబట్టియే గాని వచ్చిన వరుసనుబట్టి చూడకుండుట కూడ కలహమునకు కారణమగుచున్నది. చేయి విరిగినవాడు రెండు గంటలు వేచియుండగా, వెనుక వచ్చిన వృద్ధురాలిని గుండెనొప్పియని లోనికి తీసికొనిపోయినచో, డబ్బో సిఫార్సో పనిచేసినదని అనుమానము. గోడమీద నాలుగు వాక్యములు తెలుగున వ్రాసి తగిలించిన తీరిపోవు అపార్థము ఇది.

కొన్నేండ్ల క్రిందట ఒక ఆసుపత్రిలో నేను కన్నులార చూచిన దానిని చెప్పెదను. పురుగుమందు త్రాగిన యువకుడొకడు, నేను పైన వ్రాసినట్లే, మూడవనాటి రాత్రి కన్నుమూసెను. అతని బావమరది సెలైను స్టాండును పెరికి త్రిప్పెను. అద్దములు పగిలినవి, హౌస్ సర్జను మందుల గదిలోనికి పరుగెత్తి గడియ వేసికొనెను. ప్రక్క మంచముపై వెంటిలేటరు దొరకని ముసలమ్మకు ఒక నర్సు అంబు సంచి నొక్కుచు ఊపిరి పోయుచుండెను. ఆ చేయి ఆగినచో ముసలమ్మ ఊపిరియు ఆగును. స్టాండు వచ్చి ఆమె కుడి భుజమునకు తగిలెను. ఆమె గోడవైపునకు ఒరిగి, సంచిని ఎడమచేతిలోనికి మార్చుకొని, నొక్కుట మానలేదు. తెల్లవారిన పిమ్మట ఊరి పెద్దలు వచ్చి, కుర్రవాడు దుఃఖములో నుండెననియు, కేసు పెట్టిన వాని బ్రతుకు పాడగుననియు బ్రతిమాలిరి. “నాకెందుకండీ కేసు, రేపు మళ్ళీ ఈ వార్డులోనే డ్యూటీ చెయ్యాలి నేను” అని ఆమె కాగితముపై సంతకము పెట్టెను. ఆమె భుజము అప్పటికే కమిలి నల్లబడియుండెను.

ఈ రాజీయే మన చట్టమును తినివేయుచున్నదని నా నిశ్చితాభిప్రాయము. చట్టము లేకపోలేదు. వైద్యసేవకులపై దౌర్జన్యమును, వైద్యాలయముల ఆస్తి ధ్వంసమును నివారించుటకు ఆంధ్రప్రదేశ్ 2008లోనే ప్రత్యేక శాసనము చేసినది. దాని ప్రకారము నేరము బెయిలుకు వీలులేనిది. మూడేండ్ల వరకు ఖైదు, 50,000 రూపాయల వరకు జుల్మానా. పగులగొట్టిన సామగ్రి ఖరీదుకు రెట్టింపు పరిహారము. కరోనా కాలమున, 2020 ఏప్రిల్ 22న, కేంద్ర ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును ఆర్డినెన్సుచే సవరించి, తీవ్రమైన గాయము చేసినవానికి ఏడేండ్ల వరకు శిక్ష విధించినది. రెండు మాసములైనను గడవకమునుపే, జూన్ 9 రాత్రి, హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో కరోనా రోగి మరణింపగా బంధువులు జూనియర్ డాక్టర్లపై చేయి చేసికొనిరి. మరునాడు జూనియర్ డాక్టర్లు రోడ్డుపై బైఠాయించిరి. శిక్ష పెంచినంత మాత్రమున ఆ క్షణమున ఎత్తిన చేయి దిగదు. శిక్ష పడునని జనమునకు నమ్మకము కలిగినప్పుడు మాత్రమే అది కొంత పనిచేయును. రాజీ కాగితములు ఆ నమ్మకమును కలుగనీయవు.

2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్.జి.కర్ వైద్యకళాశాలలో విధిలో నున్న యువవైద్యురాలు హత్యకు గురియైన పిమ్మట దేశము మేల్కొనినది. ఆగస్టు 16న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ, దాడి జరిగిన 6 గంటల లోపల సంస్థాధిపతియే పోలీసులకు ఫిర్యాదు చేయించవలెనని ఉత్తరువు వెలువరించినది. ఇది చిన్న మార్పుగా తోచవచ్చును గాని, నా దృష్టిలో ఎంతో విలువైనది. ఏలయన, ఫిర్యాది స్థానమున దెబ్బ తినిన నర్సు కాక ఆసుపత్రి నిలిచినచో, ఊరి పెద్దలు ఎవరిని బ్రతిమాలుదురు? నాలుగు దినములకు సుప్రీంకోర్టు ఒక జాతీయ కార్యదళమును నియమించినది. హైదరాబాదు వైద్యులు డాక్టరు నాగేశ్వరరెడ్డి గారు అందులో సభ్యులు. ఆ దళము పరిశీలింపవలసిన విషయములలో కాపలా, కెమెరాలు మొదలగువానితోపాటు, దుఃఖములో నున్నవారిని ఓదార్చుటకు శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తలను అత్యవసర విభాగములలో నియమించుట కూడ ఉన్నది. పత్రికలు కెమెరాల సంగతి వ్రాసినంతగా దీనిని వ్రాయలేదు.

కాపలా వలదని నేననను. అదే ఆగస్టు 24న తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చికిత్సకు వచ్చిన రోగియే ఒక యువవైద్యురాలి జుట్టు పట్టి తలను మంచపు ఇనుప చట్రమునకు కొట్టెను. 2023 మే 10న కేరళలోని కొట్టారక్కరలో, పోలీసులు కట్టు కట్టించుటకు తెచ్చినవాడే యువవైద్యురాలిని కత్తెరతో పొడిచి చంపెను. ఇట్టిచోట్ల ఓదార్పు పనికిరాదు. మనిషి బలము, రెండవ ద్వారము, పిలిచిన నిమిషములో వచ్చు పోలీసు ఔట్‌పోస్టు కావలెను. 108 సిబ్బందికి ఈ రక్షణ బొత్తిగా లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై దేశమునకెల్ల మార్గదర్శియైన ఆ సేవలో, వాహనమునకు ఇద్దరే మనుష్యులు; చీకటి రోడ్డుమీద, ప్రమాదము చూచి ఆవేశపడిన గుంపు నడుమ, ఆలస్యమునకు సంజాయిషీ చెప్పుకొనవలసినది వారే.

దెబ్బ తినినవారితోనే నష్టము తీరదు. ఒకసారి అద్దములు పగిలిన చిన్న ఆసుపత్రిలో, మరునాటినుండి వైద్యుడు ప్రమాదకరమైన కేసును ముట్టుకొనుటకు జంకును. “పెద్దాసుపత్రికి తీసుకుపొండి” అని చీటీ వ్రాసి యిచ్చును. వినుకొండనుండి గుంటూరునకు 80 కిలోమీటర్లకు మించిన దారి. అట్రోపిన్ మొదటి మోతాదు ఎక్కవలసిన ఆ గంట నరసరావుపేట దాటక ముందే రోడ్డుమీద కరిగిపోవును. అట్లు మరణించినవాని మరణమునకు కారణము ఎప్పుడో ఎవరో విసరిన కుర్చీయని ఏ రికార్డులోను ఉండదు.

గుంటూరు, ఒంగోలు పెద్దాసుపత్రులలోను, నరసరావుపేట, మార్కాపురము, చీరాల వంటి ఊళ్ళ ఆసుపత్రులలోను, కోతల కాలమున ప్రతి రాత్రి క్యాజువాలిటీ గుమ్మమువద్ద ఒక మనిషిని కూర్చుండబెట్టుడని ప్రభుత్వమును వేడుచున్నాను. అతడు మందు వేయనక్కరలేదు. ఈ పల్లెల మాటలో, రేపేమి జరుగవచ్చునో, మూడవనాటి రాత్రి ఏల భయపడవలెనో బంధువులకు చెప్పగలవాడైన చాలును.

చదువరులకు ఒక్క మనవి. మీ యింటిలోనో ఇరుగుపొరుగుననో ఎవరైన పురుగుమందు త్రాగినచో, ఉప్పునీరు, పేడనీరు పోసి కక్కించవలదు. మనిషిని ప్రక్కకు ఒత్తిగిల పరుండబెట్టి 108కి ఫోను చేయుడు. ఇరువదిమంది వెంట పోవలదు. వైద్యుడు చెప్పినది విని మిగిలినవారికి చెప్పగల నిదానపరులను ఇద్దరిని పంపుడు. ఆ మందు డబ్బాను పారవేయక, పేరు కనబడునట్లు ఒక సంచిలో వేసి వారి చేతికిండు.