పేరు మారిన శకములు

బిలాస్‌పూరు నెహ్రూ నగర్‌లో, రైల్వే కొలువు నిమిత్తము తాతల నాడు తెలుగునాటినుండి తరలివచ్చి అక్కడనే స్థిరపడిన యొక కుటుంబమువారి ముందుగదిలో, ఒకే మేకునకు రెండు క్యాలెండర్లు వ్రేలాడుచున్నవి. 2025 మార్చి 30వ తేదీ గడిలో పైనున్న తెలుగుదానియందు విశ్వావసు నామ సంవత్సరాది, శాలివాహన శకము 1947 అనియు, క్రిందనున్న హిందీదానియందు విక్రమ సంవత్ 2082 అనియు అచ్చయి యున్నవి. ఉగాదినాటి ఉదయమున ఇంటి పెద్దామె రెంటికిని పసుపుబొట్టు పెట్టుచుండగా, ఆరవ తరగతి చదువు మనుమడు నన్నడిగెను: “తాతగారూ, మా మాస్టారు ఈస్వీ అంటారు, మీ పుస్తకంలో క్రీ.శ. అని ఉంది, ఈ పత్రికలో సా.శ. అని ఉంది. మూడూ ఒకటేనా?”

మూడును ఒకటియే. లెక్క ఒకటి, పేళ్లు మూడు. ఈస్వీ, క్రీస్తు శకము (క్రీ.శ.) అనునవి క్రీస్తు పేరిటివి; సామాన్య శకమున (సా.శ.) ఆ పేరు లేదు. ఒక మతముయొక్క ప్రభువు పేరిట సర్వజనులును కాలమును గణింపవలెనా యని కొందరును, పేరు తుడిచినంతమాత్రమున పుట్టుక మారునా యని కొందరును వాదించుచున్నారు.

అసలీ లెక్కయే ఒక పేరు గిట్టకపోవుటచే పుట్టినది. 525లో రోమునందు డయొనీసియస్ అను సన్న్యాసి ఈస్టరు పండుగ తేదీల పట్టిక కూర్చుచు, క్రైస్తవులను హింసించిన డయొక్లీషియన్ చక్రవర్తి పేరిట సాగుచున్న సంవత్సరగణనము తన పట్టికలో నుండరాదని తలచి, క్రీస్తు అవతారమునుండి లెక్క పెట్టెను. ఆ అవతారసంవత్సరమును ఆయన సరిగా గుణింపలేదని నేటి పండితులలో పెక్కురి మతము. ‘సామాన్య శకము’ అను భావము సైతము నిన్న మొన్నటిది కాదు. దైవభక్తుడైన కెప్లరు 1615నాటికే ఆ యర్థముగల లాటిను మాటను వాడెను.

లెక్క నిలిచి పేరు మారుట మన దేశమున మరియు స్పష్టము. నేడు విక్రమునిదని చెప్పుకొను లెక్క ప్రాచీన శాసనములలో కృతమనియు, పిదప మాళవమనియు వ్యవహరింపబడినది. 578నాటి బాదామి గుహాశాసనము శకరాజు పట్టాభిషేకమునుండి 500 ఏండ్లు గడచినవని చెప్పుచున్నది. కాలక్రమమున ఆ లెక్కకే, శకులను జయించినట్లు ప్రతీతిగల శాలివాహనుని పేరు తగిలినది. ఓడినవాని లెక్కకు గెలిచినవాని పేరు! నెహ్రూ నగర్‌కు పాతిక కిలోమీటర్ల దూరముననే యున్న రతనపురమున కలచురి రాజులు మరియొక సంవత్సరమును వాడిరి. దాని యారంభము 248-49. జాజల్లదేవుని శాసనమునందలి 866వ సంవత్సరము మనకు 1114 అగును. పడమటి భారతదేశపు రాజులనుండి వచ్చిన ఆ లెక్కయు కలచురి సంవత్, చేది సంవత్ అని పేళ్లు మార్చుకొని, వాడువారు లేక తుదకు అంతరించినది.

ఇక మన భాషలో ‘శకము’ అను మాట చూడుడు. అది విదేశమునుండి వచ్చిన యొక జాతి పేరు. క్రీస్తు శకమన్నను, సామాన్య శకమన్నను, ఆ శకులను మనము విడువలేదు. కావున పేరు మార్చుట అపచారమని నేననను. పాఠ్యపుస్తకములలో, వార్తాపత్రికలలో సామాన్య శకమే నాకు సమ్మతము. అయినను చర్చి గోడమీది శిలాఫలకమునందలి క్రీస్తు శకమును చెక్కివేయుటకును, పూర్వుల గ్రంథములను పునర్ముద్రించునపుడు వారి మాటను దిద్దుటకును ఎవ్వరికిని హక్కు లేదు.

తెలుగున మాత్రము ఒక చిక్కు కలదు. రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకము శాలివాహన శకము (శా.శ.) 944, అనగా సా.శ. 1022. అచ్చుకూర్పరి చేతిలో ‘శా’ కాస్తా ‘సా’ అయ్యెనా, నన్నయను పోషించిన రాజు 78 ఏండ్లు ముందుగా సింహాసన మెక్కును. అందుచే ఆ బాలుని నోటుపుస్తకములో పొడి అక్షరములు కొట్టివేయించి, ‘సామాన్య శకము’ అని నిండుగా వ్రాయించితిని.