లాప్‌టాపు కొనే ముందు

పిల్లలూ! సికిందరాబాదులో ప్యారడైజు దగ్గర పార్కులేను అనే వీధి ఒకటి వున్నది. ఆ వీధిలోనే చెనాయ్ ట్రేడ్ సెంటరు వున్నది. ఊళ్ళో అందరూ దాన్ని పొట్టిగా సి.టి.సి. అంటారు. గాజులు కావాలంటే లాడ్‌బజారుకు వెళ్ళినట్టు, కంప్యూటరు కావాలన్నా, దానిలోకి చిన్న భాగం ఒకటి కావాలన్నా జంటనగరాలవాళ్ళు ఇక్కడికి వస్తారు. ఒక దుకాణంలో కొత్త లాప్‌టాపులు, ఇంకొక దానిలో పాతవి, మరొక దానిలో విప్పి పరిచిన భాగాలు!

మీరు అమ్మానాన్నలతో అక్కడికి వెళ్ళారనుకోండి. "పిల్లల చదువుకు లాప్‌టాపు కావాలి" అని నాన్నగారు అనగానే దుకాణదారు మంత్రం చదివినట్టు గబగబా చెబుతాడు: "ఐ5, పన్నెండో జనరేషను, ఎనిమిది జి.బి. ర్యాము, 512 ఎస్.ఎస్.డి.!" నాన్నగారు తల వూపుతారు. అమ్మ ధర అడుగుతుంది. ఆ మాటల్లో అందరికీ అర్థమయ్యేది ధర ఒక్కటే! ఎన్నో నెలలుగా కూడబెట్టిన డబ్బు అర్థంకాని మంత్రం మీద ఖర్చు కావటం ఏం బాగు? కనుక ఆ అర్థమేమిటో మీరు తెలుసుకుని పెద్దవాళ్ళకు చెప్పండి.

పెళ్ళివారి వంటశాల ఒకటి తలచుకోండి. వంటవాళ్ళు నలుగురో ఆరుగురో వుంటారు. తరిగిన కూరలు, నానబెట్టిన పప్పు, పోపుగిన్నెలు వాళ్ళ చేతికందేటట్టు పరుచుకోవటానికి కొంత జాగా వుంటుంది. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, బెల్లం దిమ్మలు దాచిన ఉగ్రాణం ఆ పక్కన వుంటుంది. లాప్‌టాపులో వంటవాళ్ళ జట్టు ప్రాసెసరు. ఒక్కొక్క వంటవాణ్ణి ‘కోరు’ అంటారు. చేతికందే జాగా ర్యాము. ఉగ్రాణం ఎస్.ఎస్.డి.

జాగా చాలకపోతే ఏమవుతుంది? అరటికాయ ముక్కలు ఎత్తి ఉగ్రాణంలో పెట్టి, గుమ్మడికాయ ముక్కలు తెచ్చుకోవాలి. మళ్ళీ అరటికాయ కావలసివస్తే మళ్ళీ ఎత్తడం, మళ్ళీ తేవడం! వంటవాళ్ళు ఎంత చురుకైనవాళ్ళయినా, పంక్తిలో కూర్చున్నవాళ్ళు ఖాళీ విస్తళ్ళు చూస్తూ వుండవలసిందే. ఒక్కసారిగా పది పేజీలు తెరిస్తే కంప్యూటరు నిలబడిపోతుంది చూశారూ, అప్పుడు చాలాసార్లు జరిగేది ఇదే. తప్పు వంటవాళ్ళది కాదు.

పెళ్ళి కాగానే వంటశాల కడిగేస్తారు గదా! అలాగే కరెంటు తీసేస్తే ర్యాములో వున్నదంతా పోతుంది. ఉగ్రాణంలో దాచినది మాత్రం పోదు.

ర్యాములోది ఎందుకు పోతుందంటారా? అది తమాషా అయిన సంగతి. ర్యాము లోపల కంటికి కనిపించని విద్యుత్తు కుండలు కోట్లకొద్దీ వుంటాయి. కుండ నిండుగా వుంటే 1, ఖాళీగా వుంటే 0 అని లెక్క. అయితే అవన్నీ చిల్లికుండలే! క్షణంలో కారిపోతాయి. అందుచేత కంప్యూటరు ప్రతి కుండనూ సెకనుకు పదిహేనుసార్లకు పైగా చూసి, నిండుగా వుండవలసినదాన్ని మళ్ళీ నింపుతూ వుంటుంది. 8 జి.బి. ర్యాములో ఇలాంటి కుండలు 6,870 కోట్లకు పైగా వుంటాయి. ఈ చిల్లికుండల ఉపాయం అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరుది. 1968లో ఆయనకు దాని మీద పేటెంటు వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన హైదరాబాదులో కూడా కంప్యూటర్ల పని మొదలయింది. 1967లో ఇ.సి.ఐ.ఎల్. అనే కేంద్రప్రభుత్వ సంస్థ ఇక్కడ ఏర్పడింది. దానికి మొదటి మేనేజింగు డైరెక్టరు అయ్యగారి సాంబశివరావుగారు. ఆయనది పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామం. సికిందరాబాదు వైపున వున్న ఎ.ఎస్. రావు నగరుకు ఆ పేరు ఆయనవల్లనే వచ్చింది. 1969లో ఆ సంస్థ నుంచి టి.డి.సి.-12 అనే కంప్యూటరు వెలువడింది. ఆ కాలపు కంప్యూటర్లలో జ్ఞాపకం కోసం చిల్లికుండలు కాదు, సన్నని తీగలకు పూసల్లాగా గుచ్చిన చిట్టి అయస్కాంతపు ఉంగరాలు వుండేవి. కరెంటు పోయినా అవి మరచిపోయేవి కావు! కాని ఒక్కొక్క ఉంగరానికి ఒక్క బిట్టే. ఈనాటి 8 జి.బి.కి సరిపడా ఉంగరాలను రాత్రీపగలూ సెకనుకొకటి చొప్పున గుచ్చుతూ కూర్చుంటే రెండువేల సంవత్సరాలు దాటిపోతుంది.

ఇక వంటవాళ్ళ సంగతి చూద్దాం. ఐ3 కంటె ఐ5, దానికంటె ఐ7 గొప్పవని చాలామంది అనుకుంటారు. ఒకే సంవత్సరంలో వచ్చినవాటికైతే అది చాలావరకు నిజమే. కాని ఈ రెండూ చూడండి. ఇంటెల్ కంపెనీ 2016లో తెచ్చిన ఐ7-7500యు లో కోర్లు రెండే. 2022లో తెచ్చిన ఐ3-1215యు లో ఆరు! పాత లాప్‌టాపులు అమ్మే దుకాణంలో "ఐ7 అండీ!" అనగానే మురిసిపోకండి. అడ్డగీత తరువాత అంకెలు చూడండి. 7500 లో మొదటి 7 ఏడవ తరమనీ, 1215 లో 12 పన్నెండవ తరమనీ చెబుతాయి. చివరి అక్షరం యు అయితే కరెంటు పొదుపుగా వాడేదని, హెచ్ అయితే కరెంటు ఎక్కువ తాగి ఎక్కువ పని చేసేదని అర్థం. బడిపనికి యు చాలు. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, ఒడి కాలదు.

తరంతో ఇంకో పేచీ కూడా వున్నది. 2021లో వచ్చిన విండోస్ 11కు ఇంటెల్ లో దాదాపుగా ఎనిమిదవ తరమో, ఆ పైదో వుండాలని మైక్రోసాఫ్ట్ కంపెనీ నియమం పెట్టింది. విండోస్ 10కి మామూలు రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంటే ఆ ఐ7-7500యు లాప్‌టాపు ఎంత చౌకగా దొరికినా గుమ్మం బయటే నిలబడిపోతుందన్నమాట. ఇంట్లో లైనక్సు తెలిసిన అన్నయ్య ఎవరైనా వుంటే దాన్ని ఇంకా కొన్నేళ్ళు హాయిగా నడిపించవచ్చు, అది వేరే సంగతి.

ఎ.ఎం.డి. కంపెనీవారి పేర్లు ఇంకా కొంటెవి. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు అన్నదమ్ముల్లాగా కనిపిస్తాయి గదా? ఈ వరుసలో మూడవ అంకె లోపలి నిర్మాణం ఎప్పటిదో చెబుతుంది. 2 అంటే ఆ కంపెనీ 2019లో తెచ్చిన నిర్మాణం. 3 అంటే దాని తరువాతది. మొదటిదానిలో నాలుగు కోర్లు, రెండవదానిలో ఆరు. పేరులో తేడా ఒక్క అంకె!

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైనది చెబుతాను. డబ్బు ఎక్కడ పెట్టాలా అని సందేహం వస్తే, తరువాత మార్చటానికి వీలులేని దాని మీద ముందు పెట్టండి. బల్ల మీది పెద్ద కంప్యూటరులో అన్నీ విప్పవచ్చు, మార్చవచ్చు. లాప్‌టాపులో అలాకాదు. ఈనాటి లాప్‌టాపుల్లో ప్రాసెసరును పలకకు అతికించేస్తారు. సన్నని లాప్‌టాపులు చాలావాటిలో ర్యామును కూడా అలాగే అతికిస్తున్నారు. ఎస్.ఎస్.డి.ని మాత్రం చాలావాటిలో ఇప్పటికీ మరలు విప్పి మార్చవచ్చు. ఈ సంగతి తెలియనివాళ్ళను "అదే ధరకు ఎస్.ఎస్.డి. రెట్టింపు ఇస్తాను" అని ఊరిస్తారు. అతికించిన ర్యాము 8 జి.బి. మాత్రమే అయితే ఆ బేరం నాకు నచ్చదు. ఉగ్రాణాన్ని రేపు పెంచుకోవచ్చు, వంటశాల గోడలు జరపలేము! అతికించిన ర్యామయితే 16 జి.బి. వున్నదే తీసుకోవటం మంచిది. ఖాళీ అర వున్నదయితే ఇప్పటికి 8 చాలు.

అయితే రేపు ర్యాము చౌకగా దొరుకుతుందని మాత్రం ధీమాగా వుండకండి. 2025 చివరి నెలల్లో, కృత్రిమ మేధ యంత్రాలకోసం పెద్ద కంపెనీలు ర్యాము చిప్పులను విపరీతంగా కొనటంవల్ల వాటి ధరలు ఒక్కసారిగా పెరిగాయి. ఇంకొకటి. డి.డి.ఆర్.4 ర్యాము డి.డి.ఆర్.5 అరలో పట్టదు. గాడి వున్న చోటే వేరు. బలవంతంగా నొక్కితే విరిగేది మీ డబ్బే. పాత లాప్‌టాపుకు ర్యాము కొనేటప్పుడు లోపలిదాన్ని విప్పించి వెంట తీసుకుపోవటం తేలిక పని.

దుకాణంలో విండోస్ లాప్‌టాపు చేతికి ఇచ్చినప్పుడు కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడూ ఒక్కసారే నొక్కండి. వచ్చిన పట్టికలో ‘పెర్ఫార్మెన్స్’ అన్నచోట ప్రాసెసరు పూర్తిపేరు, కోర్లు, ర్యాము ఎంతో, అరలు ఎన్నో కనిపిస్తాయి. అతికించిన ర్యామును కూడా కొన్ని యంత్రాలు అరలుగానే చూపిస్తాయి. అందుచేత "ర్యాము అతికించినదా, అరలోదా? ఖాళీ అర వున్నదా?" అని నోటితో కూడా అడగండి. జవాబును ప్రాసెసరు పూర్తిపేరుతో సహా బిల్లు మీద రాయమనండి. కొందరు దుకాణదార్లు విసుక్కుంటారు. విసుక్కోకుండా మూత విప్పి చూపించేవాళ్ళు కూడా అక్కడే, నాలుగు దుకాణాల అవతల దొరుకుతారు.