జూలైలో గోవా: ఎర్ర జెండా ఎందుకు?

మా గ్రూపులో రెండేళ్లుగా నలుగుతున్న గోవా ప్లాన్ చివరికి జూలైలో తేలింది. సీజన్ కాదు కాబట్టి రూములు చవగ్గా దొరికాయి. తీరా బీచ్‌కి వెళ్తే ఎర్ర జెండాలు!

నైరుతి గాలి అరేబియా సముద్రం మీద తేమ నింపుకుని, పడమటి కనుమలకు తగిలి పైకి లేచి, చల్లబడి అక్కడే కురిసేస్తుంది. అందుకే గోవాలో ఆ నాలుగు నెలల్లోనే దాదాపు 3000 మి.మీ. వాన. కనుమలు దాటిన మన హైదరాబాద్‌కి ఏడాదంతా కలిపినా సుమారు 800. అదే గాలి సముద్రాన్నీ రేపుతుంది.

పెద్ద అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు వెనక్కి పోవాలి కదా. అవి ఒక ఇరుకు పాయలా వేగంగా లోపలికి పోతాయి. అదే రిప్ కరెంట్. మోసం ఎక్కడంటే, ఆ పాయలో అలలు పెద్దగా విరగవు, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. "ఇక్కడైతే సేఫ్ రా" అని మేం ఎంచుకున్నది సరిగ్గా అలాంటి చోటే. లైఫ్‌గార్డ్ ఈల వేసి వెనక్కి పంపాక గానీ సంగతి తెలీలేదు.

అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా ఈది, పాయ దాటాక బయటికి రండి. ఓపిక లేకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవండి. అసలు ఎర్ర జెండా ఉన్నచోట దిగకపోవడమే మేలు.

అలాగని ట్రిప్ దండగ కాదు. వానల్లో గోవా అందమంతా కొండల వైపే. 310 మీటర్ల దూధ్‌సాగర్ జలపాతం ముందు నుంచే రైలు వెళ్తుంది. కిటికీ సీటు కోసం మాత్రం మాలో మేం కొట్టుకున్నాం.