నున్నని బొగ్గు దారానికి నూగు

బాలాపూర్ అనగానే మనందరికీ వినాయకుడి లడ్డూ వేలంపాట గుర్తుకొస్తది. కాని మన అల్మాస్‌గూడ పక్కనున్న ఆ బాలాపూర్‌లోనే ఏ.ఆర్.సి.ఐ. అనే పరిశోధన సంస్థ ఉంది. నానో పదార్థాలు, పైపూతలు, కార్బన్ పదార్థాలు - ఈ మూడింటి మీద అక్కడ పరిశోధన జరుగుతది. ఈ మూడూ కలిసే ఒక సంగతి గురించి రాస్తున్నాను.

కార్బన్ దారమంటే బొగ్గు దారమే. 1880లో ఎడిసన్ వెదురు పీచును బొగ్గు చేసి బల్బులో వెలిగించాడు. మన వెదురు కాదు లెండి, జపాన్ వెదురు! ఇప్పుడు ఎక్కువగా అక్రిలిక్ జాతి దారం వాడుతున్నారు. దాన్ని ముందు గాలిలో 200 నుండి 300 డిగ్రీల వేడిలో ఉంచుతారు. తరువాత నైట్రోజన్ వాయువులో 1000 డిగ్రీలు దాటించి కాలుస్తరు. బొగ్గు బట్టీకి మట్టి కప్పేది ఎందుకో ఇదీ అందుకే. గాలి తగిలితే బూడిదే మిగులుతది. ఒక్కో పోగు మందం సుమారు 7 మైక్రోమీటర్లు, అంటే మన తలవెంట్రుకలో దాదాపు పదో వంతు.

ఈ పోగులను పొరలుగా పరిచి రెజిన్ అనే జిగురుతో గట్టిపరిస్తే కాంపోజిట్ అవుతది. అదే సైజు ఉక్కు ముక్క బరువులో ఇది ఐదో వంతే ఉంటది.

తేలికైతే ఏమి లాభం? 1989 మే 22న అగ్ని క్షిపణిని మొదటిసారి ప్రయోగించారు. అప్పుడు కంచన్‌బాగ్‌లోని డి.ఆర్.డి.ఎల్.కు అబ్దుల్ కలాం గారు డైరెక్టరు. అగ్ని కోసం చేసిన తేలికైన పదార్థాన్ని నిమ్స్ ఆస్పత్రి ఎముకల డాక్టరు ఒకరు చేతిలో పట్టుకొని చూశారట. కాళ్ళు చచ్చుబడిన పిల్లలు అప్పుడు 3 కిలోలకు పైగా బరువుండే లోహపు పట్టీలతో కాళ్ళీడ్చుకుంటూ నడిచేవారు. వాటి బదులు 300 గ్రాముల పట్టీలు చేసిచ్చామని కలాం గారు తన ఉపన్యాసాలలో చెప్పేవారు. నాకైతే క్షిపణి కన్నా ఇదే గొప్ప. మూడు కిలోల బియ్యం సంచి కాలికి కట్టుకొని మెస్ దాకా నడిచి చూడండి, తెలుస్తది.

మరి ఇంత మంచి కాంపోజిట్ ఎక్కడ చెడుతది? ఎక్కువసార్లు దారమూ జిగురూ కలిసే చోటనే. మా ఊళ్ళో తడికెకు మట్టి మెత్తుతాం. వెదురు పైపెంకు నున్నగా ఉంటది గనుక ఎండకు మట్టి పెచ్చులుగా ఊడిపడుతది. కార్బన్ పోగు కూడా అట్లనే నున్నగా ఉంటది, జిగురును సరిగా పట్టుకోదు. గట్టి దెబ్బ తగిలితే లోపల పొరలు విడిపోతాయి, పైకి మాత్రం ఏమీ కనబడదు. భయం అక్కడే.

అందుకే పోగు మీద నానో పూత వేస్తారు. కార్బన్ నానో గొట్టాల గురించి 1991లో జపాన్ శాస్త్రవేత్త ఇజిమా ప్రకటించాక లోకమంతా వాటి వెంట పడింది. ఒక మిల్లీమీటరులో 10 లక్షల నానోమీటర్లు. ఈ గొట్టాల మందం కొన్ని నానోమీటర్ల నుండి కొన్ని పదుల దాకా ఉంటది. వీటిని పూస్తే నున్నని పోగుకు నూగు మొలిచినట్టే! ఉత్తరేణి గింజలు లంగాకు పట్టుకున్నట్టు అవి జిగురును పట్టుకుంటాయి. పగులు వచ్చినా నేరుగా పోలేదు, ఆ నూగును పీక్కుంటూ పోవాలి.

అయితే పూయడం తేలిక కాదు. ఇనుప రేణువులు పెట్టి, బాగా వేడి చేసి, పోగు మీదనే గొట్టాలను పెంచవచ్చు. కాని ఆ ఇనుము పోగును తిని గుంటలు చేస్తది. అందుకని కొందరు నానో పదార్థం కలిపిన ద్రవంలో పోగులను ముంచుతారు, కొందరు కరెంటుతో అంటిస్తారు. ద్రవంలో సరిగా కలపకపోతే అంబలిలో పిండి కట్టినట్టు ఉండలు కడుతది. ఒక్కో ఉండ దగ్గర కొత్త పగులు మొదలు కావచ్చు. ఇంకో వింత, పట్టు మరీ ఎక్కువైనా నష్టమే. అప్పుడు పగులు పక్కకు తిరగదు, పోగునే తెంపుకొని పోతది.

ఈ గొట్టాలు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ విభాగం వీటిలో ఒక రకాన్ని క్యాన్సర్ తేవచ్చన్న అనుమానం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. గట్టిపడిన జిగురులో ఇరుక్కున్నవి సులువుగా బయటికి రావు గాని, ముక్కలు కోసేవాళ్ళు, రుద్దేవాళ్ళు మాత్రం ఆ దుమ్ము పీల్చకుండా మాస్కు కట్టుకోవాలి.